తీగ మందం, నాలుగో ఘాతం: మొదటి సంవత్సరం మెకానికల్ విద్యార్థికి ప్రయోగశాల పద్ధతి

మెకానికల్ ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ ల్యాబుకు వెళ్ళే విద్యార్థికి ఎదురయ్యే ప్రయోగాల్లో టార్షనల్ పెండ్యులమ్ ఒకటి. గోడకు బిగించిన బ్రాకెట్టు నుంచి సన్నని ఉక్కు తీగ వేలాడుతుంది. దాని కింది కొసన బరువైన లోహపు బిళ్ళ ఉంటుంది. బిళ్ళను కాస్త మెలితిప్పి వదిలితే అది అటూ ఇటూ తిరుగుతుంది. ఇరవై డోలనాలకు పట్టిన కాలం చూసుకొని, తీగ పొడవు, తీగ మందం, బిళ్ళ ద్రవ్యరాశి, బిళ్ళ వ్యాసం కొలిచి సూత్రంలో వేస్తే ఆ తీగ లోహానికి దృఢతా గుణకం, అంటే మెలితిప్పడానికి ఆ లోహం ఎంత లొంగదో చెప్పే అంకె, వస్తుంది. ఉక్కుకు అది దాదాపు 80 గిగాపాస్కల్ అని పట్టికలు చెబుతాయి. మన విద్యార్థికి 71 వచ్చిందనుకుందాం.

ఇక్కడి నుంచి కథ సాధారణంగా రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి, పక్క బ్యాచ్ అబ్జర్వేషన్ పుస్తకం చూసి, లేదా సీనియర్ రికార్డు తెరిచి, 80కి దగ్గరగా వచ్చేలా ఒక రీడింగును సవరించుకోవడం. రెండు, 71నే ఉంచి, రికార్డు చివర జాగ్రత్తల కింద ‘తీగకు మెలికలు ఉండరాదు, డోలనాలు చిన్నవిగా ఉండాలి’ అని ఏటేటా రాస్తూ వస్తున్న వాక్యాలు ఎక్కించి సంతకం చేయించుకోవడం. రెండు దారుల్లోనూ ఒక ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది: ఆ తొమ్మిది గిగాపాస్కల్ ఎక్కడికి పోయాయి? ప్రయోగశాల పద్ధతి అనే మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఆ తొమ్మిదిని వెతికి పట్టుకోవడమే అని నా అభిప్రాయం. పరికరాలను బిగించడం, పట్టిక గీయడం, గ్రాఫు వేయడం, ఇవన్నీ ఆ వెతుకులాటకు పనిముట్లు.

వెతకడం సూత్రంతో మొదలవుతుంది. ఈ ప్రయోగపు సూత్రంలో దృఢతా గుణకం తీగ పొడవుకు, బిళ్ళ జడత్వ భ్రామకానికి (బిళ్ళ తిరగడానికి మొరాయించే కొలతకు, ఇది బిళ్ళ ద్రవ్యరాశి, వ్యాసపు వర్గం నుంచి వస్తుంది) అనులోమంగా ఉంటుంది. డోలన కాలపు వర్గానికి, తీగ వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఈ నాలుగో ఘాతం అనే మాట దగ్గర ఆగాలి. వ్యాసార్ధంలో ఒక శాతం తేడా వస్తే ఫలితంలో నాలుగు శాతం తేడా వస్తుంది. ఈ సంగతి మన విద్యార్థికి తెలియనిది కాదు. ఇంటర్మీడియట్‌లో యూనిట్లు, కొలతల పాఠంలో చదివాడు. ఎంట్రన్స్ కోచింగులో ఇటువంటి బిట్లు వందల కొద్దీ చేశాడు. ‘వ్యాసార్ధంలో దోషం ఒక శాతమైతే ఫలితంలో దోషమెంత’ అని అడిగితే అర నిమిషంలో నాలుగు ఆప్షన్లలోంచి సరైనది గుర్తుపెడతాడు. కానీ చేతిలో స్క్రూగేజీ, దాని దవడల మధ్య తీగ ఉన్నప్పుడు అదే బిట్టు తన ముందు కూర్చుందని అతనికి తట్టదు. తప్పు విద్యార్థిది మాత్రమే కాదు, బిట్టు ఒక గదిలోనూ ప్రయోగం మరొక గదిలోనూ నేర్పడం వల్ల వచ్చిన ఎడం ఇది.

అంకెలు వేసి చూద్దాం. తీగ మందం 1.00 మిల్లీమీటరు, పొడవు 60 సెంటీమీటర్లు, బిళ్ళ ద్రవ్యరాశి ఒకటిన్నర కిలోగ్రాము, బిళ్ళ వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే, తీగ ఉక్కుదైతే ఒక డోలనానికి 2.4 సెకన్ల దాకా పడుతుంది. మామూలు స్క్రూగేజీ కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు, మందంలో అది ఒక శాతం, ఫలితంలో నాలుగు శాతం. మీటరు స్కేలుతో పొడవును ఒక మిల్లీమీటరు వరకు నమ్మవచ్చు. 600లో 1 అంటే 0.17 శాతం. బిళ్ళ వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో 0.1 మిల్లీమీటరు వరకు చూస్తే 0.1 శాతం, అది వర్గంలో ఉంటుంది కనుక 0.2 శాతం. ద్రవ్యరాశిలో ఒక గ్రాము తేడా 0.07 శాతం. ఇక కాలం. స్టాప్‌వాచీ తెర మీద సెకనులో నూరో వంతు కనిపిస్తుంది గానీ దాన్ని నొక్కేది మన వేలు. కన్ను చూసి వేలు కదలడానికి పట్టే సమయం సెకనులో ఐదో వంతు ఉంటుంది. ఒక్క డోలనాన్నే కొలిస్తే ఆ 0.2 సెకన్లు 2.4లో ఎనిమిది శాతం, వర్గం చేస్తే పదహారు దాటుతుంది. ఇరవై డోలనాలను, అంటే 47.6 సెకన్లను కొలిస్తే అదే 0.2 సెకన్లు 0.4 శాతానికి దిగి, వర్గంలో 0.8 అవుతుంది. ‘ఇరవై డోలనాలు లెక్కించండి’ అని మాన్యువల్‌లో ఉన్న ఆదేశానికి కారణం ఇదే.

ఇప్పుడు వీటిని కలపాలి. ఇంటర్మీడియట్‌లో నేర్పినట్టు అన్నిటినీ కూడితే 5.2 శాతం వస్తుంది. అది అన్ని దోషాలూ ఒకేసారి ఒకే వైపుకు లాగితే వచ్చే గరిష్ఠ దోషం. ఒకదానితో ఒకటి సంబంధం లేని దోషాలు అన్నీ ఒక్కటై అలా కుట్ర పన్నడం అరుదు కనుక ఇంజనీరింగులో ఒక్కొక్క దానిని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తారు. అలా చేస్తే 4.1 వస్తుంది. తీగ మందం ఒక్కటే 4.0 ఇచ్చింది; మిగతా నాలుగు కొలతలూ కలిసి దానికి చేర్చింది 0.1 మాత్రమే. డోలనాలను ఇరవైకి బదులు యాభై లెక్కించి, చేతులు నొప్పి పుట్టేలా మూడుసార్లు చేసినా ఆ 4.1 కదిలి 4.0 అవుతుంది, అంతే. మందం దగ్గర అదనంగా పెట్టిన పది నిమిషాలు మిగతా గంటన్నర కన్నా విలువైనవి. అయితే ల్యాబులో నేను చూసిన బ్యాచ్‌లలో ఎక్కువ భాగం డోలనాలను మూడేసి సార్లు కొలిచి, తీగ మందాన్ని ఒకే చోట ఒక్కసారి చూసి వదిలేసేవి.

ఇదంతా తెలిశాక కూడా 71 ఎందుకు వచ్చిందో తేలలేదు. 80కీ 71కీ తేడా పదకొండు శాతం. మనం వేసిన అంచనా నాలుగు శాతం. అంచనాకు అందనంత దూరం పోయిందంటే లెక్కలోకి రాని దోషం ఏదో ఉందన్నమాట. ఇక్కడ రెండు రకాల దోషాలను విడదీసి చూడాలి. యాదృచ్ఛిక దోషం ఒక రీడింగును అటూ మరొక రీడింగును ఇటూ నెడుతుంది. రీడింగులు ఎక్కువ తీసుకుని సగటు చేస్తే అది తగ్గుతుంది, నాలుగు రీడింగులకు సగానికి, పదహారుకు పావుకు. క్రమదోషం అన్ని రీడింగులనూ ఒకే వైపుకు, ఒకే కొలతలో జరుపుతుంది. వెయ్యి రీడింగులు తీసినా సగటు దానిని తాకదు. స్క్రూగేజీ దవడలను ఖాళీగా మూసినప్పుడు తల స్కేలు సున్నా మీద కాక మూడో గీత మీద నిలిస్తే, అది కొలిచే ప్రతి వస్తువుకూ 0.03 మిల్లీమీటర్లు కలిపి చెబుతుంది. ఒక మిల్లీమీటరు తీగను 1.03 అంటుంది. 1.03ను నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 1.125, 80ని దానితో భాగిస్తే 71. పోయిన తొమ్మిది గిగాపాస్కల్ దొరికాయి. తల స్కేలు మీద మూడు గీతలు, శూన్యాంశ దోషం చూసుకోకుండా తీసిన రీడింగు.

శూన్యాంశ దోషం ఒక్కటే కాదు, స్క్రూగేజీ చుట్టూ ఉన్న చిన్న చిన్న అలవాట్లన్నిటికీ ఇటువంటి కారణాలే ఉన్నాయి. చివరనున్న రాచెట్‌ను తిప్పితే టిక్కుమనే శబ్దం వస్తుంది. అది వచ్చాక ఆపాలి, తలను పట్టి బిగించకూడదు. ఆ ఏర్పాటు లేకపోతే బలమైన చేయి తీగను నొక్కి సన్నగా చూపిస్తుంది, తేలిక చేయి లావుగా చూపిస్తుంది. తీగ అన్ని చోట్లా ఒకే మందంలో ఉండకపోవచ్చు, ఒక చోట కూడా పూర్తి గుండ్రంగా ఉండకపోవచ్చు. అందుకే పొడవునా నాలుగైదు చోట్ల, ప్రతి చోటా ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశల్లో కొలవమంటారు. స్క్రూను ముందుకు తిప్పి, దాటిపోయి, వెనక్కి తిప్పి చదివితే స్క్రూ మరల (థ్రెడ్ల) మధ్య ఉన్న వదులు రీడింగులోకి వస్తుంది. న్యూటన్ రింగుల ప్రయోగంలో ట్రావెలింగ్ మైక్రోస్కోపును ఎడమవైపు చివరి వలయం దాకా తీసుకెళ్ళి, అక్కడి నుంచి కుడివైపుకు ఒకే దిశలో జరుపుతూ చదవమనడానికి కారణమూ ఆ వదులే.

ఇప్పుడు కథను ఒక మెలిక తిప్పుదాం, ఎందుకంటే ఈ మెలిక నిజంగా జరిగేదే. అదే స్క్రూగేజీ, అదే 0.03 దోషం. కానీ ఈసారి డోలనాలు లెక్కిస్తున్న స్నేహితుడు వాచీ నొక్కిన క్షణాన ‘సున్నా’ అనకుండా ‘ఒకటి’ అన్నాడు. అతను ‘ఇరవై’ అన్నప్పుడు జరిగినవి పందొమ్మిది డోలనాలే. కాలం ఐదు శాతం తక్కువ వచ్చింది, దాని వర్గం విలోమంలో ఉంది కనుక దృఢతా గుణకం పదకొండు శాతం దాకా పెరిగింది. 71 కాస్తా 79 అయింది. పట్టిక 80 అంటున్నది, పర్యవేక్షకులు చూసి తృప్తిగా సంతకం పెట్టారు, పక్క బ్యాచ్ వాళ్ళు ఈ పుస్తకం అడిగి తీసుకెళ్ళారు. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పిపుచ్చుకున్నాయి. సరైన విలువ రావడం సరైన పద్ధతికి సాక్ష్యం కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 71 వచ్చిన బ్యాచ్‌లో ఒక తప్పు ఉంది, 79 వచ్చిన బ్యాచ్‌లో రెండు ఉన్నాయి, మార్కులు మాత్రం రెండో బ్యాచ్‌కు ఎక్కువ పడతాయి.

పట్టికలోని విలువ మీద ఉన్న ఈ భక్తి ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పడానికి సాధారణ లోలకం ఇంకా బాగా పనికొస్తుంది. గురుత్వ త్వరణం అనగానే విద్యార్థి 9.81 అని రాస్తాడు. 1901లో అంతర్జాతీయంగా ప్రామాణికంగా పెట్టుకున్న విలువ 9.80665, అది దాదాపు 45 డిగ్రీల అక్షాంశం దగ్గరి విలువకు సరిపోతుంది. మనం భూమధ్యరేఖకు అంతకన్నా చాలా దగ్గరగా ఉన్నాం. హైదరాబాదులో నిజమైన విలువ 9.78. తన రీడింగులు నిజాయతీగా 9.78 ఇస్తే దానిని కొట్టేసి 9.81 రాసుకున్న హైదరాబాదు విద్యార్థి సత్యం నుంచి 0.3 శాతం దూరం జరిగాడు. అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి. మీటరు పొడవు లోలకంతో ఇరవై డోలనాలు, అంటే 40 సెకన్లు కొలిస్తే వేలి జాప్యం వల్ల ఫలితంలో ఒక శాతం దోషం ఉంటుంది, 9.78కీ 9.81కీ తేడా దానిలో మూడో వంతు. కాబట్టి ఆ ప్రయోగం ఈ రెండు విలువల్లో ఏది సరైనదో తేల్చలేదు, తేల్చానని విద్యార్థి అనకూడదు కూడా. వంద డోలనాలు లెక్కిస్తే కాలం నుంచి వచ్చే దోషం 0.2 శాతానికి దిగుతుంది, అప్పుడు తేడా మసకగానైనా కనిపించడం మొదలవుతుంది. ఆ స్థాయికి వచ్చాక కొత్త చిక్కు లేస్తుంది: లోలకాన్ని పది డిగ్రీల కోణంలో ఊపితే డోలన కాలం చిన్న డోలనాల సూత్రం చెప్పిన దానికన్నా 0.19 శాతం పెరుగుతుంది, గురుత్వ త్వరణం 0.38 శాతం తగ్గి 9.74 వస్తుంది. ‘కోణం చిన్నదిగా ఉండాలి’ అని జాగ్రత్తల్లో రాసే వాక్యానికి అంకె ఇది. ఇరవై డోలనాలు లెక్కించేవాడికి ఆ జాగ్రత్త అంత ముఖ్యం కాదు, వంద లెక్కించేవాడికి తప్పనిసరి.

గ్రాఫు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. లోలకం పొడవును ఆరు రకాలుగా మార్చి, పొడవుకు ఎదురుగా డోలన కాలపు వర్గాన్ని గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి గురుత్వ త్వరణం వస్తుంది. ప్రతి పొడవుకూ సూత్రంలో వేసి సగటు తీస్తే సరిపోదా, గ్రాఫు ఎందుకు అని వైవాలో అడిగితే సమాధానం రావడం అరుదు. పొడవును గుండు మధ్య వరకు కాక గుండు పై అంచు వరకే కొలిచాడనుకుందాం. అన్ని పొడవులూ సెంటీమీటరు చొప్పున తక్కువ పడతాయి. సూత్రంలో వేసిన ప్రతి విలువా తప్పుతుంది, సగటూ తప్పుతుంది. గ్రాఫులో మాత్రం రేఖ పక్కకు జరుగుతుందే తప్ప వాలు మారదు. పైగా రేఖ మూలబిందువు గుండా పోకపోవడం వల్ల ఏదో ఒక స్థిరమైన దోషం ఉందని, అది ఎంతో కూడా చెబుతుంది. క్రమదోషాన్ని సగటు దాచిపెడుతుంది, గ్రాఫు బయటపెడుతుంది. అందుకని రేఖను బలవంతంగా మూలబిందువు గుండా గీయకూడదు.

రీడింగును సవరించుకోవడం నైతికంగా తప్పని అందరూ చెబుతారు. దానివల్ల పోయేదేమిటో చెప్పడానికి బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త రేలీ కథ ఉంది. పందొమ్మిదో శతాబ్ది చివర ఆయన నైట్రోజన్ సాంద్రతను కొలుస్తున్నారు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయన సంయోగాల నుంచి తీసిన నైట్రోజన్ కన్నా దాదాపు అర శాతం బరువుగా తేలింది. అర శాతమే కదా అని ఆయన దిద్దుకోలేదు. ఎందుకంటే తన కొలతల్లో ఉండగల దోషం అంతకన్నా బాగా తక్కువని ఆయనకు తెలుసు. ఆ తేడాను వెంటాడగా 1894లో రసాయనశాస్త్రవేత్త రామ్జేతో కలిసి గాలిలో దాగి ఉన్న ఆర్గాన్ వాయువును కనుగొన్నారు. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి, రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్జేకి రసాయనశాస్త్రంలో. తన కొలతల్లో దోషం ఎంతో తెలియని వాడికి అదే అర శాతం కనిపించినా దానికి అర్థం ఉండేది కాదు.

ఫిజిక్స్ ల్యాబు నుంచి వర్క్‌షాపుకు వెళితే విషయం మారినట్టు కనిపిస్తుంది గానీ మారదు. ఫిట్టింగ్ సెక్షనులో మైల్డ్ స్టీలు పలకను వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్ది, అంచులను లంబంగా తెచ్చి, మరొక ముక్కతో జతపరచాలి. ఇక్కడ కొలిచే పద్ధతి వేరు. ఉక్కు స్కేలు అర మిల్లీమీటరు వరకు చెబుతుంది. కానీ పలక అంచుకు మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, స్కేలు ఎన్నటికీ చూపలేని సందు వెలుగు గీతగా కనిపిస్తుంది. ఎంత అని అది చెప్పదు, ఉందో లేదో చెబుతుంది. అంకె రాకుండా చేసే ఈ పోల్చిచూపు కొలత తక్కువది కాదు. కార్ఖానాల్లో గో, నో-గో గేజీలతో (భాగం పట్టిందా, పట్టలేదా అని మాత్రమే చెప్పే గేజీలతో) లక్షల భాగాలను పరీక్షించేది ఇదే ఆలోచనతో. మొదటి సంవత్సరం విద్యార్థి ఖాకీ ఏప్రన్ వేసుకుని విసుగ్గా చేసే ఆ పని తరువాతి సంవత్సరాల్లో వచ్చే మెట్రాలజీకి, అంటే కొలతల శాస్త్రానికి, ముందుమాట.

వేడి గురించి కూడా ఇక్కడే ఎరుక రావాలి. పారిశ్రామిక కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణిక ఉష్ణోగ్రతగా పెట్టుకున్నారు. మే నెలలో విజయవాడలో వర్క్‌షాపు రేకుల కింద 40 డిగ్రీలు ఉంటే, 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 0.024 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 50 గీతల వెర్నియర్ కాలిపర్స్ కనీసపు కొలత 0.02 మిల్లీమీటర్లు. అంటే ఎండ ఒక గీతకు మించి తినేసింది. అయితే కాలిపర్స్ కూడా ఉక్కుదే, అదీ అంతే పెరిగింది, కనుక రీడింగు మారదు. ముక్క అల్యూమినియందైతే లోహం ఉక్కు కన్నా రెట్టింపు దాకా వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ ఒక గీత తేడా మళ్ళీ బయటకు వస్తుంది. ఆకురాయితో రుద్దిన వెంటనే వేడిగా ఉన్న ముక్కను కొలిచినప్పుడూ ఇదే జరుగుతుంది. ముక్కనూ పరికరాన్నీ కాసేపు ఒకే బల్ల మీద పక్కపక్కన ఉంచి కొలవమని పాత మేస్త్రీలు చెప్పడంలో ఈ లెక్క అంతా ఉంది.

రాత విషయానికి వస్తే, మన కాలేజీల్లో అబ్జర్వేషన్ పుస్తకానికీ రికార్డుకూ ఉన్న విలువలు తలకిందులయ్యాయని నాకు అనిపిస్తుంది. రికార్డు అందంగా ఉండాలి, ఎడమ పేజీలో పెన్సిలు బొమ్మ, కుడి పేజీలో నీలి సిరా. కానీ ప్రయోగం జరిగింది అబ్జర్వేషన్ పుస్తకంలో. అక్కడ పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, కింద ఉన్నది చదవగలిగేలా వదిలి, పక్కన కొత్తది రాయాలి, ఎందుకంటే కొట్టేసినదే సరైనదని సాయంత్రం లెక్కలు చేసేటప్పుడు తేలవచ్చు. పరికరం మీద ఉన్న నంబరు, దాని కనీసపు కొలత, శూన్యాంశ దోషం, దాని గుర్తు, ఇవి మొదటి రీడింగు కన్నా ముందే పుస్తకంలో పడాలి. కూడిన తరువాత మిగిలిన సగటును కాక, చూసిన రీడింగును చూసినట్టే రాయాలి. మన 71 కథలో స్క్రూగేజీ నంబరు రాసి ఉంటే, వారం తరువాతైనా ఆ పరికరాన్నే మళ్ళీ తీసి దవడలు మూసి చూడవచ్చు. రాయకపోతే పెట్టెలో ఉన్న పన్నెండింటిలో అది ఏదో ఎవరూ చెప్పలేరు.

చివరి వరుసలో రాసే ఫలితం కూడా ఇదంతా ఎరిగి ఉండాలి. కాలిక్యులేటరు 79.6318 అని చూపిస్తుంది. నాలుగు శాతం దోషం ఉన్న చోట, అంటే మూడు గిగాపాస్కల్ అటూ ఇటూ కదిలే చోట, దశాంశ బిందువు తరువాతి అంకెలకు అర్థం లేదు. శూన్యాంశ దోషం సవరించుకుని, డోలనాలు సున్నా నుంచి లెక్కించి, ఆ విద్యార్థి రాయవలసింది ‘80, హెచ్చుతగ్గు 3 గిగాపాస్కల్’ అని. తీగ ఉక్కుదా ఇత్తడిదా అని అడిగితే ఈ ఫలితం ధైర్యంగా జవాబు చెప్పగలదు, ఇత్తడి విలువ 40 దగ్గరలోనే ఉంటుంది. ఇది ఏ రకం ఉక్కు అని అడిగితే చెప్పలేదు, ఆ తేడాలు సాధారణంగా మూడు గిగాపాస్కల్‌కు లోపలే ఉంటాయి. అది తేల్చాలంటే మందాన్ని 0.001 మిల్లీమీటరు వరకు చదివే మైక్రోమీటరు కావాలి. అప్పుడు మందం నుంచి వచ్చే దోషం 0.4 శాతానికి దిగుతుంది, ఇప్పటిదాకా లెక్కలోకి రాకుండా ఉన్న ఆ 0.2 సెకన్ల వేలి జాప్యం 0.8 శాతంతో పెద్ద దోషమై కూర్చుంటుంది, యాభై డోలనాలు లెక్కించవలసిన అవసరం అప్పుడు వస్తుంది.